ఎవరి పక్కన ఎవరు కూచున్నారు

(రాయగడలో తెలుగు కుటుంబాలవాళ్లు ఏర్పాటు చేసుకున్న ఆదివారం సాయంత్రపు సభలో ఒక విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకుడి ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టు రాసుకున్న పాఠం.)

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలూ, మీరు ఇంకాస్త ముందుకి జరగండి. బల్ల మీద పెట్టినవన్నీ చిన్న వస్తువులు, వెనకనించి కనబడవు.

ఏమేం తెచ్చానో ముందే చూపించేస్తాను. ఇదొక రాయి. నిన్న పొద్దున్న రైలు కట్ట పక్కన కొండ తొలిచిన చోట ఏరుకొచ్చాను. ఇది అగ్గిపెట్టె. ఇది మా అమ్మ వాడిన సత్తు గిన్నె, కొందరు సిల్వరు గిన్నె అంటారు. ఇది నా పాత హెచ్ఎంటీ వాచీ. ఇవి రెండు సీసాలు, రెండింట్లోనూ తెల్ల పొడే. ఇవి డజను బత్తాయిలు. ఆ చివర ప్లాస్టిక్ కవర్లలో బిగించి కట్టిన రెండు డబ్బాలున్నాయి చూశారా, వాటి సంగతి ఇప్పుడు చెప్పను. నెలరోజుల కిందట కట్టి పెట్టాను. ఆఖర్న విప్పుదాం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒక పదార్థంలో ఏయే పరమాణువులు ఎన్నెన్ని ఉన్నాయో తెలిస్తే దాని గుణం తెలిసినట్టేనని బడిలో మనకి అలవాటవుతుంది. ఫార్ములా రాస్తాం, మార్కులు పడతాయి. ఘన పదార్థం దగ్గరకొచ్చేసరికి అది సగం సంగతే. పెళ్లి బంతికి ఎవరెవరు వచ్చారో పేర్లు చదివితే చాలదు కదా. ఎవరి పక్కన ఎవరు కూచున్నారు, మధ్యలో ఎంత చోటుంది, వడ్డించేవాడు నడవడానికి దారి ఉందా లేదా, ఇవి తెలిస్తేనే ఆ బంతి ఎలా సాగుతుందో తెలుస్తుంది. రసాయన చర్య అంటే బయటనించి ఒకడొచ్చి ఆ బంతిలో దూరడమే. దారి ఉంటే దూరతాడు, లేకపోతే గుమ్మంలోనే ఆగిపోతాడు.

ఈ రాయి చూడండి. మనింటి పునాదుల్లో, మెట్లలో ఉండేది ఇదే. ఇక్కణ్ణించి పార్వతీపురం, విజయనగరం, సింహాచలం కొండదాకా ఇదే రాయి. పూరీ జగన్నాథుడి గుడి, కోణార్క గుడి కట్టింది ఈ జాతి రాయితోనే. దీని పేరు ఖోండలైట్. 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కలహండి ప్రాంతపు రాళ్లని వర్ణిస్తూ, ఈ కొండల్లో ఉండే కోంధ్ జనం పేరు మీద దీనికి ఆ పేరు పెట్టాడు. ప్రపంచంలో ఎక్కడ ఇలాంటి రాయి దొరికినా ఆ పేరుతోనే పిలుస్తారు. మన కొండ మనుషుల పేరు భూగర్భ శాస్త్రంలో అలా నిలిచిపోయింది. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది.

పగలగొట్టిన వైపు చూస్తే ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి, అవి గార్నెట్. తెల్లటి సన్న పుల్లల్లాంటివి సిల్లిమనైట్, అందులో అల్యూమినియం ఉంటుంది. గాజులా మెరిసేది క్వార్ట్‌జ్, మన పలుగురాయి. ఇదిగో, ఈ నల్లగా నిగనిగలాడే రేకు గ్రాఫైట్. బాబూ, నువ్వు రా. వేలితో దాన్ని రుద్దు. వేలు నల్లబడిందా? అందరికీ చూపించు.

వేలికి అంటింది కార్బన్. వజ్రం కూడా కార్బనే. ఇది 1797లో స్మిత్సన్ టెనంట్ తేల్చాడు. వజ్రాన్ని తూకం వేసి కాల్చి, అంతే బరువు బొగ్గు కాలిస్తే ఎంత వాయువు వస్తుందో అంతే వచ్చిందని చూపించాడు. అంటే రెండూ ఒకటే పరమాణువు, ఇంకొకటి కలవలేదు. మరి ఒకటి వేలికి అంటుకోవడమేమిటి, ఇంకొకటి గాజుని కోయడమేమిటి?

వజ్రంలో ప్రతి కార్బనూ నాలుగు వైపులా నాలుగు కార్బన్లని పట్టుకుని ఉంటుంది. ఎటు చూసినా చేతులు కట్టేసుకున్న గుంపు, సందే లేదు. గ్రాఫైట్‌లో ప్రతి కార్బనూ ముగ్గురినే పట్టుకుంటుంది, ముగ్గురూ ఒకే తలంలో. అలా పరుచుకున్న రేకు మీద ఇంకో రేకు, పూతరేకు మడతల్లాగా. రేకులో పక్కపక్క కార్బన్ల మధ్య దూరం 1.42 ఆంగ్‌స్ట్రాములు. రేకుకీ రేకుకీ మధ్య దూరం 3.35. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు. సన్నని కొలతే గానీ కథంతా ఆ రెండు అంకెల తేడాలోనే ఉంది. రేకు తనలో తాను గట్టిగా ఉంటుంది, పక్క రేకుని మాత్రం వదులుగా పట్టుకుంటుంది. అందుకే ఈ అబ్బాయి వేలికి అంటింది.

జారడం, అంటుకోవడం భౌతిక గుణాలు కదా, రసాయనం ఎక్కడుందని మీరడగొచ్చు. ఆ రేకుల సందుల్లో ఉంది. పొటాషియం ఆవిరి తగిలితే ఆ పరమాణువులు సందుల్లోకి వెళ్లి కూచుంటాయి. ఎనిమిది కార్బన్లకి ఒక పొటాషియం లెక్కన, నల్ల గ్రాఫైట్ కంచు రంగుకి తిరుగుతుంది. 1859లో బ్రోడీ అనే ఆయన పొటాషియం క్లోరేటు, గాఢ నత్రికామ్లం కలిపి గ్రాఫైట్ రేకుల్లోకి ఆక్సిజన్ ఎక్కించాడు. వజ్రం మీద ఇవేవీ పనిచేయవు, దారి లేదు. మీ జేబులో ఫోను ఉందే, దాని బ్యాటరీని ఛార్జింగుకి పెట్టినప్పుడల్లా లిథియం వెళ్లి గ్రాఫైట్ రేకుల మధ్య కూచుంటుంది. నిండుగా ఛార్జి అయితే ఆరు కార్బన్లకి ఒక లిథియం. వాడుతున్నకొద్దీ బయటికొచ్చేస్తుంది. వెళ్లడం, రావడం, వందలసార్లు, రేకు చెక్కుచెదరకుండా. వజ్రం ఎంత ఖరీదైనదైనా ఫోను బ్యాటరీకి పనికిరాదు.

ఇవన్నీ కంటికి కనబడవు, ఎలా తెలిసిందని పిల్లలు అడగాలి. 1912లో జర్మనీలో మాక్స్ ఫాన్ లావే ఆలోచన మేరకు స్ఫటికం గుండా ఎక్స్-కిరణాలు పంపితే, అవతల ఫొటో పలక మీద చుక్కల ముగ్గు పడింది. మరుసటి ఏడాదే బ్రాగ్ తండ్రీకొడుకులు ఆ చుక్కల్ని బట్టి ఉప్పులో, వజ్రంలో పరమాణువులు ఎక్కడెక్కడున్నాయో లెక్కగట్టారు. 1915లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు, కొడుకు వయసు పాతికేళ్లు. ముగ్గు అని ఊరికే అనలేదు. మన ఇళ్లలో చుక్కలు చూసి గీత ఎటు తిరుగుతుందో చెప్పేస్తారు, వాళ్లు చేసింది అదే తరహా పని. మనకి దగ్గర్లోనే, వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సూరి భగవంతం గారు స్ఫటికాల సౌష్ఠవం మీద ఎంతో పని చేశారు. అంత దూరంలో లేదు ఈ శాస్త్రం మనకి.

అగ్గిపెట్టె త్వరగా చూసేద్దాం. పెట్టె పక్కన గరుకు పట్టీలో ఉండేది ఎర్ర భాస్వరం. తెల్ల భాస్వరమని ఇంకో రూపం ఉంది. అందులో నాలుగేసి పరమాణువులు ముక్కోణపు బురుజులా ఇరుక్కుని ఉంటాయి. వంగకూడని కోణంలో వంగి ఉన్న బంధాలు అవి, ఎప్పుడు తెగుదామా అని ఉంటాయి. గాలి తగిలి కాస్త వెచ్చబడితే చాలు, 30 డిగ్రీల దగ్గరే అంటుకుంటుంది. అందుకే నీళ్లలో ఉంచుతారు. దాన్నే గాలి తగలకుండా కాగబెడితే ఆ బురుజులు విప్పుకుని ఒకదానితో ఒకటి గొలుసుకట్టి ఎర్ర భాస్వరం అవుతుంది. అది నిక్షేపంలా పెట్టె మీద ఏళ్ల తరబడి ఉంటుంది. పూర్వం తెల్లదానితోనే అగ్గిపుల్లలు చేసేవారు. ఆ పొగ పీల్చిన కూలీల దవడ ఎముకలు కుళ్లిపోయేవి. 1906లో బెర్న్ నగరంలో దేశాలు కూచుని దాన్ని నిషేధించే ఒప్పందం చేసుకున్నాయి. అదే మూలకం, అమరిక మారితే మనిషి దవడ మిగిలింది.

ఇక అసలు కథకి వద్దాం. ఇది మన కథ.

ఈ ఖోండలైట్ రాయి కొండ నెత్తిన లక్షల ఏళ్లు వానకి తడిసి, ఎండకి ఎండి, అందులో కరిగేవన్నీ కరిగిపోగా మిగిలిన పొరే బాక్సైటు. దమన్‌జోడి దగ్గర పంచపట్మాలి, ఇటు మన జిల్లాలో బఫ్లిమాలి, నెత్తి చదునుగా ఉండే ఆ కొండలన్నిటి మీదా ఉన్నది అదే. ఆ పొర నిండా చిల్లులు. వానాకాలం నీళ్లు తాగి ఎండాకాలం వాగులకి వదులుతుంది. 2013లో నియమగిరి కొండల చుట్టూ 12 గ్రామసభలు తవ్వకం వద్దని ఎందుకన్నాయో ఆ చిల్లుల రాయి చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. ఆ ఊళ్లవాళ్లకి అది నీటి తొట్టె, దేవుడి నెలవు. ఆ మాట చెప్పకుండా బాక్సైటు గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

మన కొండల బాక్సైటులో ముఖ్యంగా ఉండే ఖనిజం గిబ్సైట్. ఒక అల్యూమినియానికి మూడు హైడ్రాక్సిల్‌లు, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు. ఇది కూడా పొరలు పొరలుగా ఉండేదే, అప్పడాల కట్టలా. మధ్యలో అల్యూమినియం, పైనా కిందా హైడ్రాక్సిల్. కట్టలో అప్పడానికీ అప్పడానికీ మధ్య పట్టు చాలా తేలిక. కాబట్టి కాస్టిక్ సోడా ద్రావణం నీళ్లు మరిగే వేడికి కాస్త పైన ఉంటే చాలు, ఒక్కొక్క పొరా విప్పి కరిగించేస్తుంది. మన దగ్గరి శుద్ధి కర్మాగారానికి ఇదే పెద్ద అదృష్టం. బోహ్మైట్ అనే ఇంకో ఖనిజం ఉంది, డయాస్పోర్ అని మరొకటి. ఈ రెండింటి ఫార్ములా అచ్చంగా ఒకటే, అక్షరం తేడా లేదు. అయినా బోహ్మైట్ కరగడానికి 200 డిగ్రీలు దాటాలి, పీడనం కావాలి. డయాస్పోర్ అంతకన్నా మొండి, 250 దాటించాలి, సున్నం కూడా కలపాలి. చైనాలో డయాస్పోర్ ఎక్కువ, వాళ్లు ఎంత బొగ్గు కాల్చాలో ఆలోచించండి.

ఒకే ఫార్ములా ఉన్న రెండింటికి అంత తేడా ఎందుకో బత్తాయిలతో చూపిస్తాను. అమ్మా, నువ్వొచ్చి పట్టుకో, దొర్లిపోతాయి.

(బత్తాయిలు పేరుస్తూ) ఈ బత్తాయిలు ఆక్సిజన్లు అనుకోండి. అల్యూమినియం చిన్నది, గోళీ అంత, సందుల్లో దూరుతుంది. మధ్యన ఒకటి పెట్టి చుట్టూ ఆరు పెట్టాను, మొత్తం ఏడు. వాటి పల్లాల్లో మూడు పెట్టాను. వాటి మీద ఒకటి. ఇప్పుడు పైనించి తిన్నగా చూడు. నెత్తినున్న బత్తాయి కింద, నేల మీద ఏముంది? సరిగ్గా మధ్య బత్తాయి ఉంది కదా. అంటే మూడో వరస మొదటి వరస మీదే వచ్చింది. ఒకటి, రెండు, ఒకటి, రెండు, ఇదీ తాళం.

ఇప్పుడు విప్పేసి, పళ్ల కొట్టువాడు పేర్చినట్టు పేరుస్తాను. కింద ముక్కోణంగా ఆరు, వాటి మీద మూడు, పైన ఒకటి. ఇప్పుడు చూడు. నెత్తినున్నదాని కింద నేల మీద ఖాళీ ఉంది, బత్తాయి లేదు. మూడో వరస కొత్త చోటికి వెళ్లింది. ఒకటి, రెండు, మూడు, ఒకటి, రెండు, మూడు. అవే బత్తాయిలు, అంతే బిగువు, తాళం వేరు.

డయాస్పోర్‌లో ఆక్సిజన్లది మొదటి తాళం. బోహ్మైట్ పొరలో రెండోది. మనం కెంపు, నీలం అనే రాళ్లున్నాయే, అవి కురువిందం, అంటే అల్ఫా అల్యూమినా. అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన పదార్థమే అల్యూమినా, దాని రూపాల్లో ఇదొకటి. అందులోనూ ఆక్సిజన్లది మొదటి తాళమే. ఆ అమరికని 1925లో లైనస్ పాలింగ్, హెండ్రిక్స్ కలిసి తేల్చారు.

ఇప్పుడు చూడండి ఏం జరుగుతుందో. డయాస్పోర్‌ని కాలిస్తే 500 డిగ్రీల దగ్గరే నీరు పోయి నేరుగా కురువిందం అయిపోతుంది. ఎందుకంటే ఆక్సిజన్లు సరైన తాళంలోనే కూచుని ఉన్నాయి, లేచి చోటు మారే పని లేదు. గిబ్సైట్‌నో బోహ్మైట్‌నో కాలిస్తే 500 దగ్గర నీరైతే పోతుంది గానీ కురువిందం రాదు. గామా అల్యూమినా అనే వేరే రూపం వస్తుంది, రెండో తాళంలో. అందరూ లేచి తాళం మార్చుకుని కూచోవాలంటే 1100, 1200 డిగ్రీలు కావాలి. రాయికి జ్ఞాపకం ఉంటుందా అని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. తను ఎలా కూచుని పెరిగిందో, పొయ్యిలో పెట్టినా సగం దారిదాకా మరచిపోదు.

నా సంగతి ఒకటి చెబుతాను. ఎమ్మెస్సీ చదివే రోజుల్లో నాకొక చిన్న పని అప్పజెప్పారు. అల్యూమినియం హైడ్రాక్సైడ్‌ని 600 డిగ్రీల దగ్గర కాల్చి, వచ్చిన అల్యూమినాని వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి లెక్కకట్టాలి. మొదటిసారి చక్కగా కరిగింది. రెండోసారి కొలిమి మీటరు పాడై వేడి హద్దు దాటిపోయిందని నాకు తెలియలేదు. పొద్దున్నే మూసలో పొడి తీస్తే అంతే తెలుపు, కాకపోతే కొంచెం కుంచించుకుని, వేళ్ల మధ్య ఇసకలా గరగరలాడింది. ఆమ్లంలో వేశాను. ఒక రోజు, రెండు రోజులు, వారం మరిగించాను. అడుగున కూచుంది, ఒక్క పిసరు తగ్గలేదు. నేను ఏదో కలిపి పాడుచేశానని భయపడ్డాను. మా గురువుగారు సీసా పట్టుకుని ఊపి, దీపం వెలుగులో చూసి, ‘ఫార్ములా రాశావు, అడ్రసు రాయలేదు’ అన్నారు. ఆ రెండు పొడులే ఈ రెండు సీసాల్లోవి. అప్పట్నించీ దాచుకున్నాను. ఎవరూ చూసి ఏది ఏదో చెప్పలేరు, వేళ్లతో నలిపితే చెప్పొచ్చు.

కర్మాగారంలోనూ ఇదే జరుగుతుంది. కాస్టిక్‌లో కరిగిన అల్యూమినియాన్ని మళ్లీ గిబ్సైట్‌గా పేరబెట్టాలి. ఊరికే చల్లారిస్తే పేరుకోదు, మొరాయిస్తుంది. ముందు తయారైన గిబ్సైట్ పొడినే కొంత అందులో వేయాలి. మనం పాలకి తోడు పెట్టినట్టే. ఆ పొడి గింజల మీద కొత్త పొరలు అదే వరసలో వచ్చి చేరతాయి. ఈ పద్ధతి కార్ల్ యోసెఫ్ బాయర్‌ది, 1888లో పేటెంట్ తీసుకున్నాడు. ఆయన అప్పుడు రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉండేవాడు. ఆయనకి అల్యూమినియం లోహం కోసం కాదు, నూలు బట్టకి రంగు పట్టించే అద్దకపు పని కోసం అల్యూమినా కావలసొచ్చింది. మన అద్దకపువాళ్లు పటిక వాడేది ఎందుకో, అందుకే.

తోడుకున్న గిబ్సైట్‌ని కాలిస్తే నూరు కిలోలకి దాదాపు 35 కిలోలు నీరే పోతుంది. అంత నీరు లోపల్నించి బయటపడిన దారులన్నీ చిల్లులుగా మిగులుతాయి. గామా అల్యూమినా ఒక్క గ్రాము తీసుకుంటే, ఆ చిల్లుల గోడలన్నీ పరిస్తే 200 చదరపు మీటర్ల వైశాల్యం ఉండొచ్చు. మన లెక్కలో అయిదు సెంట్ల స్థలం, చిటికెడు పొడిలో. నిలబడిన ప్రతి గోడ మీదా సరిగ్గా జత కుదరని పరమాణువులు చేతులు చాచి ఉంటాయి, ఏది దొరికితే దాన్ని పట్టుకుందామని. గాలిలో తేమ పట్టుకుంటుంది. నీళ్లలో ఫ్లోరైడు పట్టుకుంటుంది. ఫ్లోరైడు నీళ్లు తాగి వంగిపోయిన నల్లగొండ పిల్లల బొమ్మలు మీరు చూసే ఉంటారు. ఆ నీటిని బాగుచేసే ఫిల్టర్లలో వాడేవాటిలో ఈ అల్యూమినా ఒకటి. దాని బదులు కురువిందం పొడి పోస్తే ఫ్లోరైడు ఇటు పోసింది అటు దిగిపోతుంది.

అందుకే అల్యూమినియం తీసే కర్మాగారానికి పంపే అల్యూమినాని పూర్తిగా కాల్చరు. వెయ్యి డిగ్రీల దగ్గర ఆపేస్తారు, కురువిందం కానివ్వరు. దమన్‌జోడి నించి రైల్లో అంగుల్ వెళ్లే పొడి అలాంటిదే. కురువిందమైతే అక్కడి కుండల్లో కరిగించి ఉంచే క్రయొలైట్ అనే ఫ్లోరైడు లవణంలో సులువుగా కరగదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ కుండల్లోంచి హైడ్రోజన్ ఫ్లోరైడు అనే ఘాటు విషవాయువు వస్తుంది. దాన్ని వదిలేయకుండా, కుండలో వేయబోయే ఈ పొడి గుండానే ముందు పోనిస్తారు. పొడి ఆ విషాన్ని పట్టుకుని, దానితో సహా కుండలోకి వెళుతుంది. కార్మికుడి ఊపిరికి కాపలా కాసేదీ, లోహంగా మారేదీ అదే పొడి. నా మట్టుకు నాకు, రసాయన శాస్త్రంలో ఇంత చక్కని ఏర్పాటు ఇంకొకటి కనబడలేదు.

పూర్తిగా కాలిన అల్యూమినాకి మాత్రం విలువ లేదా? ఈ వాచీ వెనక చూడండి, 17 జ్యువెల్స్ అని ఉంటుంది. అవి చేసిన కెంపులు. 1902లో వెర్నూయ్ అనే ఫ్రెంచాయన మెత్తని అల్యూమినా పొడిలో పిసరంత క్రోమియం కలిపి, మంటలో చుక్కచుక్కగా కరిగించి కెంపు పెంచడం లోకానికి చెప్పాడు. చక్రం ఇరుసు దాని గుంటలో తిరుగుతుంది. నూనెకీ చెమటకీ కాలానికీ చెక్కుచెదరదు, ఆమ్లం తాకలేదు. మన పక్క కలహండిలో భూమిలోనే కెంపులు దొరుకుతాయి. కొండమీది మెత్తటి ఎర్రరాయి, వాచీలో కెంపు, ఒకే ఇంటివాళ్లు.

ఇప్పుడు మా అమ్మ గిన్నె. అల్యూమినియం నిజానికి చాలా చురుకైన లోహం. అది నీళ్లలో ఉడికి కూడా మిగులుతోందంటే, దాని మీద కంటికి కనబడని ఆక్సైడు పొర ఒకటి ఉండబట్టే. మందం మీటరులో వందకోట్లవ వంతులు రెండో మూడో ఉంటుంది, అంతే. ఇనుము తుప్పు పెచ్చులూడి కొత్త ఇనుముకి దారి ఇస్తుంది. ఈ పొర లోహాన్ని అంటిపెట్టుకుని దారి మూసేస్తుంది. కొత్త గిన్నెలో ఒట్టి నీళ్లు మరిగిస్తే లోపల నల్లబడుతుంది, చూశారా? అమ్మలకి తెలుసు. గిన్నె చెడిపోలేదు. మరిగే నీటితో ఆ పొర మందమై, ఇందాక చెప్పిన బోహ్మైట్ లాంటి రూపంలోకి వస్తుంది. చింతపండు వేసి తోమితే మళ్లీ తెల్లబడుతుంది. అంటే చింతపండు పులుపు ఆ పొరని కరిగించేసింది. అందుకే మా అమ్మ ‘పులుసు సత్తు గిన్నెలో పెట్టకే, రాత్రంతా ఉంచకే’ అని మా అక్కని కేకలేసేది. ఊరగాయ అసలు ముట్టనిచ్చేది కాదు. పులుపు పొరని తీస్తుంది, ఉప్పు ఆ చోట గుంట పెడుతుంది. మీరూ ఆ పని చేయకండి.

ఆఖరి సంగతి సిలికా. ఒక సిలికాన్‌కి రెండు ఆక్సిజన్లు. మళ్లీ ఈ రాయి దగ్గరకొద్దాం, ఇందులో గాజులా మెరిసే పలుగు సిలికానే. బియ్యం మిల్లు ఊక కాలిస్తే మిగిలే బూడిదలో నూటికి 85, 90 పాళ్లు కూడా సిలికానే. వరి మొక్క నేలలోంచి నీటితో పాటు తాగి, పొట్టులో దాచుకున్న సిలికా అది.

పలుగులో ప్రతి సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, ప్రతి మూలా పక్కవాడితో కలిసి, క్రమం తప్పకుండా మైళ్ల కొద్దీ. ఊక బూడిదలోనూ సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లే, కానీ క్రమం లేదు. సంత విడిచాక జనంలా చెల్లాచెదరు, మధ్య మధ్య చిల్లులు. అందుకని సున్నం తడి తగిలితే బూడిద సిలికా దానితో కలిసి సిమెంటులాంటి ముద్ద కడుతుంది. పలుగు ఇసక కలవదు, సున్నం ఎండి గాలి తగిలి గట్టిపడాల్సిందే. పాత కట్టడాల్లో గానుగ సున్నంలో ఇటిక పొడి, సుర్ఖీ వేసేవారు. అది కూడా కాలి క్రమం చెదిరిన మట్టే, అందుకే నీళ్లలో సైతం గట్టిపడేది. ఒక జాగ్రత్త. ఊకని 600, 700 డిగ్రీలు దాటకుండా కాల్చాలి. మంట మరీ ఎక్కువైతే ఆ చెల్లాచెదరైనవాళ్లంతా వరసలో కూచుని క్రిస్టోబలైట్ అనే స్ఫటికం కడతారు. అప్పుడు బూడిద మొండికేస్తుంది.

మొండికేయడంతో ఆగదు. ఇది నేను పెద్దవాళ్లని ఉద్దేశించి చెబుతున్నాను, దయచేసి వినండి. రాళ్లు పగలగొట్టే క్రషర్లలో, రాతి పనిలో మనవాళ్లు, కోంధ్ పిల్లలు ఎంతోమంది చేస్తున్నారు. అక్కడ లేచే దుమ్ములో ఉన్నది పలుగు, స్ఫటిక సిలికా. అప్పుడే పగిలిన పలుగు ముక్క అంచున తెగిన బంధాలుంటాయి, అవి ఊపిరితిత్తుల కణాలని గీరి పుండు చేస్తాయి. కణం దాన్ని మింగి అరిగించుకోలేక చస్తుంది, మచ్చ పడుతుంది, ఏళ్లకి ఊపిరి సన్నబడుతుంది. అదే సిలికోసిస్. మందు లేదు. 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ, పనిచోట పీల్చే స్ఫటిక సిలికాని మనిషికి కేన్సర్ తెచ్చేవాటి మొదటి జాబితాలో పెట్టింది. క్రమం లేని సిలికాని ఆ జాబితాలో పెట్టలేదు. ఫార్ములా ఒకటే, చూడండి. ఆ దుమ్ములో ఊపిరితిత్తుల అడుగుదాకా పోయేది కంటికి కనబడని నలుసు, తువ్వాలు చుట్టుకుంటే ఆగదు. రాయి మీద నీళ్లు కొడుతూ పని చేయాలి, సరైన మాస్కు ఇవ్వాలి. యజమానిని అడగండి. అడగడానికి భయమైతే నలుగురు కలిసి అడగండి. ముక్కు మూసుకుని నడిచి వెళ్లే మనకంటే రోజంతా అక్కడ నిలబడేవాళ్లకి ఈ సంగతి ముందు తెలియాలి.

సరే, డబ్బాలు విప్పుదాం. నెల కిందట ఒకదాంట్లో తడి సున్నం, మెత్తగా నూరిన ఊక బూడిద కలిపాను. ఇంకోదాంట్లో తడి సున్నం, అంతే మెత్తగా నూరిన పలుగు పొడి. రెండింటికీ గాలి తగలకుండా కట్టాను, గాలి తగిలితే సున్నం తనంతట తను గట్టిపడి మనల్ని మోసం చేస్తుంది. ఏ డబ్బాలో ఏముందో మీకు చెప్పను.

అమ్మా, బత్తాయిలు పట్టుకున్న అమ్మాయీ, నువ్వే విప్పు. కవరు చింపెయ్, పరవాలేదు. ఈ డబ్బాలో గోరు గుచ్చి చూడు.

(అమ్మాయి: ‘దిగిపోతోందండీ, వెన్నలాగుంది.’)

రెండోది?

(అమ్మాయి: ‘దిగట్లేదండీ. రాయిలాగుంది.’)

గట్టిగా గుచ్చు. దిగలేదా? సరే, వెనక వరసలవాళ్లు కూడా ఒక్కొక్కరుగా రండి. గోరుతో చూసి, ఏది ఊక బూడిదో, ఏది పలుగో మీరే చెప్పండి. ఆ సీసాలు కూడా ముట్టుకోవచ్చు, మూతలు మాత్రం మార్చకండి.